బానెట్ ముందు పెద్దమనిషి

వాకాడు చుట్టుపక్కల ఎవరికైనా పాత స్కార్పియో మీద మనసు పడితే ముందు బ్యాంకుకు పోడు, మెకానిక్ దగ్గరికీ పోడు. ఆయన దగ్గరికి పోతాడు. ఆయనకు గ్యారేజీ లేదు. బ్రోకరు కాదు, కమీషన్ ముట్టడు. కాస్త మాగాణి, ఎవరితోనో కలిసి వేసిన రొయ్యల చెరువులో ఓ వాటా, బోలెడంత తీరుబడి, ఇవీ ఆయన అర్హతలు. అయినా ఆయన బానెట్ ఎత్తించి, ఇంజన్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ‘ఊఁ’ అనేదాకా అడ్వాన్సు చేతులు మారదు. ఇలాంటి పెద్దమనిషి కోటలోనూ ఉంటాడు, చిట్టమూరులోనూ ఉంటాడు, గూడూరులోనైతే వీధికొకడు. కొనేవాళ్లందరికీ ఆయన మామే.

మామ ప్రయాణం తెల్లవారుజామునే. గూడూరులో బండి చూడాలంటే ఓనరు పళ్లు తోముకునే వేళకు అక్కడుండాలి. వస్తున్నామని ఫోన్ చేస్తే ఒప్పుకోడు. దీని వెనక శాస్త్రం ఉంది. రాత్రంతా చల్లారిన డీజిల్ ఇంజన్ తొలి సెల్ఫ్‌కి ఎలా అందుకుంటుందో, ఎంత పొగ వదులుతుందో, అందులోనే దాని ఆరోగ్యమంతా తెలుస్తుంది. ఓసారి వేడెక్కాక ముసలి ఇంజన్ కూడా బుద్ధిగా తిరుగుతుంది. అందుకే మామ పలకరింపుల కన్నా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వేడి తగిలిందా, ఇక ఆ ఇంట్లో కాఫీ తాగడమే తప్ప బేరం లేదు.

చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక చేరతాడు. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు, రింగులో బోరో అరిగినట్టు. తెల్లపొగ ఎంతకీ ఆగకపోతే కూలెంట్ నీళ్లు లోపలికి పోతున్నట్టు. నల్లపొగ అయితే ఇంజెక్టర్ల వైపు చూడాలి. తర్వాత ఆయిల్ మూత విప్పి దాని అడుగున మీగడలాంటి తెల్లటి నురుగు ఉందేమో వెతుకుతాడు. ఇంతదాకా మామ చేసేదంతా ఏ మంచి మెకానిక్ అయినా చేసే పనే. కాకపోతే మెకానిక్ మాట్లాడుతూ చేస్తాడు, మామ మాట్లాడకుండా చేస్తాడు. ఆ మౌనానికే ఓనరు ధర తగ్గిస్తాడు.

“డాక్టరు గారు వాడిన బండండీ, సింగిల్ ఓనర్” అంటాడు అమ్మేవాడు. అమ్మకానికొచ్చిన ప్రతి బండీ డాక్టరు గారిదే. ఈ లెక్కన నెల్లూరులో రోగుల కన్నా డాక్టర్లే ఎక్కువుండాలి. మామ దీనికి జవాబు చెప్పడు, మీటరు వైపూ చూడడు. మీటరును వెనక్కి తిప్పడం గంట పని. ఆయన చూపు బ్రేకు పెడల్ రబ్బరు మీదకు, స్టీరింగ్ నునుపు మీదకు, అక్కణ్ణించి టైరు మీదకు పోతుంది. టైరు పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. 2017 మోడల్ బండి, మీటరులో 28 వేల కిలోమీటర్లు, టైర్లేమో 2021వి.

“28 వేలకే నాలుగు టైర్లూ మార్చినాడంటే మీ డాక్టరు రోగుల్ని చూడ్డానికి పొలం గట్ల మీద పోతుండాడా?” ఆ ఉదయం మామ నోరు తెరవడం అదే మొదలు.

ఆయన అసలు విద్వత్తు మాత్రం బండి కింద ఉంది. గోనెపట్టా పరుచుకుని, పంచె ఎగగట్టి, స్క్రూడ్రైవర్ పట్టుకుని చాసిస్ కిందకు దూరతాడు. తూపిలిపాళెం ఒడ్డున కుర్రాళ్లు ఫొటోల కోసం బండ్లను తడి ఇసుకలోకి దించుతారు. చెరువు గట్ల మీద తిరిగే బండ్లు ఉప్పునీళ్లు చిమ్ముకుంటూ పోతాయి. పైన వాటర్ వాష్ చేసినా చాసిస్ మడతల్లో, బ్రేకు పైపుల మీద, సైలెన్సర్ అతుకుల్లో ఉప్పు అలాగే నిలిచిపోతుంది. బొలెరో, స్కార్పియో, పాత సఫారీలాంటివి నిచ్చెన చాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు. వీటికి బాడీలో తుప్పొస్తే టింకరింగ్‌తో నెట్టుకు రావచ్చు గానీ చాసిస్‌లో వస్తే కష్టం. డస్టర్, క్రెటా, బ్రెజ్జాలకు వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్. కాబట్టి అడుగున తుప్పు తగిలితే అది ఎముకకు తగిలినట్టే. అడుగంతా తాజా నల్లరంగుతో మెరిసిపోతుంటే కొత్తవాడు ముచ్చటపడతాడు. మామ అక్కడే స్క్రూడ్రైవర్ దిగ్గొడతాడు. రేకులా ఊడొస్తే ఓనరు వాకిలి ఊడ్చుకునే చీపురు కోసం వెళతాడు.

మద్రాసు బండంటే మామకు ముందు నుంచీ అనుమానం. 2015 డిసెంబరులో చెన్నై మునిగింది. మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మునిగింది. మునిగిన బండ్లలో చాలావాటికి బీమా కంపెనీలు లెక్క చెప్పి చేతులు దులుపుకున్నాక అవి వేలంలోకి, అక్కణ్ణించి సీటు కవర్లు మార్చుకుని హైవే మీదుగా ఉత్తరాదికి బయల్దేరాయి. ఉత్తరాదంటే ఇక్కడ నాయుడుపేట నుంచే మొదలు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడటం మామ పరీక్ష. కడిగేవాడు సీట్లు కడుగుతాడు, బెల్టు చుట్టలో ఇరుక్కున్న బురద మరకను మర్చిపోతాడు. ఆ మరక కనబడితే మామ కొనేవాడి భుజం మీద చెయ్యేసి అడుగుతాడు: “అబ్బయా, బండి కొంటుండావా, పడవ కొంటుండావా?”

నంబరు ప్లేటు ఆయనకు జాతకం. ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 03 అంటే చిత్తూరు. 03 అయితే ఘాట్ రోడ్డు బండి, క్లచ్ ప్లేటు చూసుకోమంటాడు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 పెట్టేసరికి ఆ విద్య సగం ఎండిపోయింది. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాకాడును నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఈ రెండూ తనను దృష్టిలో పెట్టుకుని చేసినవేనని ఆయన నమ్మకం.

అమెరికాలో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పి పంపాక 1970లో అచ్చయింది, 2001లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి అదే ముఖ్య కారణం. బండిలో ఏముందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు ప్రతి బండినీ అనుమానించి తక్కువ ధరే చెబుతాడు. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మడు. చివరికి బజారులో మిగిలేవి చెడ్డవే. ఇదీ ఆయన వాదన సారం. మామ ఆ వ్యాసం చదవలేదు. చదివినా “ఇందులో కొత్తేముంది?” అనేవాడు. ఆయన కిటుకు బజారుకు పోకపోవడమే. ఎవరి చెరువుకు తెగులు సోకింది, ఎవరి కూతురి పెళ్లి కుదిరింది, ఎవరు ఫైనాన్సుకు కంతులు కట్టలేకపోతున్నారు అన్నది ఆయనకు నెల ముందే తెలుస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రైతులు రొయ్య ధర గురించి దిగులుపడుతుంటే మామ వాళ్ల షెడ్లలోని బండ్లను మనసులో లెక్కపెట్టుకున్నాడు. అవసరం వచ్చి అమ్మేవాడిది మంచి బండి, విసుగొచ్చి అమ్మేవాడిది చెడ్డ బండి అన్నది ఆయన సిద్ధాంతం. అయితే చెరువు బండి కొనేవాడు ఏసీ వేసి అద్దాలెత్తి కాసేపు కూర్చోవాలి. మేత బస్తాలు మోసిన బండిలో రొయ్య మేత వాసన ఏ సెంటుకూ లొంగదు.

ఇక అసలు ప్రశ్న. ఏ బండి పదేళ్లు నిలుస్తుంది? దీనికి మామ ఇంజన్ పేరు చెప్పడు. “సామాను యాడ దొరుకుద్ది?” అని ఎదురడుగుతాడు. బొలెరో 2000లో వచ్చింది, స్కార్పియో 2002లో వచ్చింది. రెండూ రూపం మార్చుకుంటూ ఇంకా తయారవుతూనే ఉన్నాయి. గూడూరులో షట్టరు దించిన షాపు తట్టినా వాటి సామాను దొరుకుతుంది. చెన్నై దగ్గర ఒరగడంలో తయారైన డస్టర్ 2012లో మార్కెట్లోకి దిగి దేశమంతా పరుగులు తీసింది, ఆ మోడల్ 2022లో ఆగింది. మరైమలై నగర్‌లో ఎకోస్పోర్ట్, ఎండీవర్ చేసిన ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. నడపడానికి మంచి బండ్లే. సర్వీసు కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది కూడా. కానీ వాకాడులో బండి ఆగితే ముఖ్యం కంపెనీ మాట కాదు, సామాను రేపటి బస్సులో వస్తుందా అన్నది. ఈ విషయంలో మామదే సరైన లెక్క. మనమంతా నమ్మకమైన బండి అంటే చెడిపోని బండి అనుకుంటాం. చెడినా సాయంత్రానికి బాగయ్యే బండి అని ఆయన అర్థం.

కానీ ఆయన మాట ఎవడు వింటాడు? పిలిచినవాడు అప్పటికే తెల్ల స్కార్పియోతో మనసులో తిరుమల కూడా వెళ్లొచ్చి ఉంటాడు. మామను తీసుకొచ్చింది సత్యం కోసం కాదు, రేపు బండి మొరాయిస్తే “మామ చూసిందే గదా” అనడానికి. ఈ సంగతి మామకూ తెలుసు. అందుకే ఆయన ‘ఊఁ’ లో ఔనూ లేదు, కాదూ లేదు.

ఈ మధ్య ఆ ‘ఊఁ’ కూడా తడబడుతోంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌కి దిగాయి. వాటి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి ఆగకుండా కొంతసేపు వేగంగా పరుగెత్తి గొట్టం బాగా వేడెక్కాలి. ఇంటి నుంచి చెరువుకు, చెరువు నుంచి టీ కొట్టుకు తిరిగే బండికి ఆ యోగం ఉండదు. మసి పేరుకుని డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆ లైటు ఎందుకు వెలిగిందో చెవికి వినపడదు. విద్యానగర్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడెవడో స్టీరింగ్ కింద సాకెట్‌లో చిన్న స్కానర్ గుచ్చి, ఫోన్ చూసి నిమిషంలో చెప్పేస్తాడు. మామ వాణ్ణి చిరాగ్గా చూసి, రెండు రోజులు ఆలోచించి, వారానికోసారి హైవే ఎక్కి నాయుడుపేట దాకా తోలి రమ్మని ఓనరుకు సలహా ఇచ్చాడు. సలహా సరైందే. వాడు చెప్పిందీ అదే.

బేరం తెగాక మాత్రం ఆయన కాగితాల దగ్గర రాజీపడడు. అమ్మేవాడి చేత అక్కడికక్కడే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టిస్తాడు. ఫైనాన్సు ఉంటే 35వ ఫారం చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వనివ్వడు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి అమ్మేవాడికే భయపెట్టి మరీ చెబుతాడు. 30 రోజుల్లో పేరు మార్పించుకో అని కొన్నవాడికి వేలెత్తి చూపిస్తాడు.

ఆయన సొంత సుమో ఆర్సీ మాత్రం నేటికీ పాత ఓనరు పేరు మీదే ఉంది. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అప్పుడు మామ అరటిపళ్ల గెల పట్టుకుని సంతకం కోసం గూడూరు పోతాడు.