చెప్పింది విన్నవాడే వెర్రివాడు

చట్టం గట్టిగా ఉంటే కంపెనీల బుర్రకు పదునెక్కుతుందంటారు కొందరు ఆర్థికవేత్తలు. మన బొగ్గు కరెంటు కేంద్రాలే సాక్ష్యం! పొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను రెండేళ్లలో కట్టడి చేయాలని 2015 డిసెంబరులో కేంద్రం హుకుం జారీ చేసింది. అందుకు వాడే పరికరం కొత్తదేమీ కాదు. సున్నపురాయి పొడి కలిపిన నీళ్లు పొగమీద చల్లితే గంధకం చిక్కుకుని జిప్సంగా దిగుతుంది. దాన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వాడుకుంటాయి కూడా. మనవాళ్లు అంతకన్నా చౌకైనది కనిపెట్టారు. దాని పేరు అర్జీ! 2017 గడువు 2022కి జరిగింది, అక్కణ్నుంచి మళ్లీ, మళ్లీ. చివరికి 2025 జులైలో ముప్పావు వంతుకు మించిన కేంద్రాలకు ఆ బాధ్యతే తప్పించారు. మన బొగ్గులో గంధకం తక్కువట, పొగగొట్టం తగినంత ఎత్తుంటే చాలట. బొగ్గు అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. తెలుసుకోవడానికే దాదాపు పదేళ్లు పట్టింది. పాపం, మాట విని వందల కోట్లు పోసి యంత్రం బిగించుకున్నవాళ్లు నోరెళ్లబెట్టారు. రేపు సర్కారు ఇంకో గడువు పెడితే ఇంజినీరును ఎవరు పిలుస్తారు? ముందు ఢిల్లీకి టికెట్టు తీస్తారు.