పచ్చగా ఉన్నంతసేపు క్షేమమే

కంపెనీ కంప్యూటర్ల ఆరోగ్యాన్నీ భద్రతనూ కనిపెట్టి చూసే ఏర్పాటుకు మూడు అంగాలు. మొదటిది ఏజెంటు. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ కూర్చుని డిస్కు ఎంత నిండింది, యాంటీవైరస్ తాజాగా ఉందా, ప్యాచ్‌లు పడ్డాయా అని ఎప్పటికప్పుడు పైకి చేరవేసే చిన్న ప్రోగ్రాం ఇది. రెండోది ఆ కబుర్లన్నీ చేరే కేంద్ర సర్వర్. మూడోది డ్యాష్‌బోర్డు. మొదటి రెండూ సరిగా పనిచేయకపోయినా కొన్నేళ్లు నెట్టుకురావచ్చు. మూడోది లేకపోతే మాత్రం ఒక్క పూట గడవదు. ఎందుకంటే పైవాళ్లు చూసేది దాన్నే. కంప్యూటర్ బాగుంటే దాని గడి పచ్చ, అనుమానమైతే పసుపు, ప్రమాదమైతే ఎరుపు.

ఎర్రని గడిని పచ్చగా మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కంప్యూటర్‌ను బాగుచేయడం. రెండోది, హద్దును జరపడం. డిస్కు 80 శాతం నిండగానే గడి ఎర్రబడుతుంటే హద్దును 95 చేస్తే సరిపోతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ లేస్తుందో లేదో తెలియని పాత సర్వర్‌ను ‘మినహాయింపుల’ జాబితాలోకి నెడితే దాని పీడా విరగడవుతుంది. రెండో దారిలో ఖర్చు లేదు, ఆదివారం ఆఫీసుకు రావలసిన పని లేదు. ఏ దారి ఎక్కువ వాడుకలో ఉందో చెప్పనక్కర్లేదు. ఇక ఏజెంటే లేని కంప్యూటర్ల సంగతి మరీ సుఖం. పచ్చగడుల శాతం కట్టేది ఏజెంటు ఉన్నవాటికే కాబట్టి, మూల గదిలో అందరూ మరిచిపోయిన యంత్రం ఎవరి మార్కులూ తగ్గించదు. 2017 మేలో వాన్నాక్రై అనే కంప్యూటర్ పురుగు ప్రపంచమంతా పాకినప్పుడు దానికి చిక్కినవి ప్యాచ్ పడని యంత్రాలే. అది దూరే కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందు, మార్చిలోనే ఇచ్చింది. అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని ఆ పురుగు బారిన పడ్డాయి.

డ్యాష్‌బోర్డు తరువాత చెప్పుకోవలసింది అలర్టు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. కంప్యూటర్ల లోకంలో కుక్క వేళకే మొరుగుతుంది, నిద్ర లేవనిది యజమానే. అమెరికాలోని టార్గెట్ దుకాణాల సంస్థ 2013లో దాదాపు 16 లక్షల డాలర్లు పోసి ఫైర్‌ఐ అనే నిఘా వ్యవస్థను పెట్టుకుంది. నవంబరు చివర దొంగలు కార్డుల సమాచారం బయటికి తరలించే సరంజామా దించుతుండగానే అది అలర్టు ఇచ్చింది. బెంగళూరులో కూర్చున్న బృందం దాన్ని చూసి మినియాపొలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి చెప్పింది. అక్కడివాళ్లు పరిశీలించి, వెంటనే పట్టించుకోవలసినంత విషయం కాదని తేల్చారు. ప్రమాదకరమైన ఫైలును తనంతట తానే తుడిచేసే సదుపాయం ఆ వ్యవస్థలో ఉంది. దాన్ని అంతకుముందే ఆపేసి ఉంచారు. యంత్రం సొంతంగా నిర్ణయాలు తీసుకోకూడదు, మనుషులే తీసుకోవాలనే ఉన్నతాశయంతో కాబోలు. 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. డిసెంబరులో ప్రభుత్వం వాళ్లు వచ్చి చెప్పేదాకా మనుషులు ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

టార్గెట్‌లో అలర్టయినా వచ్చింది. ఈక్విఫాక్స్‌లో అదీ లేదు. అమెరికన్ల అప్పుల చరిత్ర అంతా భద్రపరిచే ఈ సంస్థ, బయటికి పోయే సమాచారాన్ని విప్పి చూసే పరికరాన్ని పెట్టుకుంది. ఆ పరికరం పనిచేయడానికి కావలసిన సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. నెలల తరబడి ఎవరూ కొత్తది పెట్టలేదు. పరికరం ఆగిపోలేదు, అరవలేదు. తనకు కనబడని సమాచారాన్ని చూడకుండానే పోనిచ్చింది. ఏమీ కనబడలేదు గనుక ఏ లోపమూ లేదన్నమాట. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదకరమైన కంత బయటపడినప్పుడు, ప్యాచ్ వేయమని లోపల మెయిల్ వెళ్లింది. మెయిల్ జాబితా పాతబడి ఉండడంతో అది చేరవలసినవాళ్లకు చేరలేదు. స్కానర్‌తో వెతికించారు, అదీ పట్టుకోలేదు. జులై 29న కొత్త సర్టిఫికెట్ పెట్టీ పెట్టగానే అనుమానాస్పదమైన రాకపోకలు కళ్లబడ్డాయి. అప్పటికి 14.7 కోట్ల మంది వివరాలు గడప దాటాయి.

కాపలాదారు చూడకపోవడం ఒక దశ. కాపలాదారే దొంగలను వెంటబెట్టుకుని రావడం తరువాతి దశ. సోలార్‌విండ్స్ సంస్థ ఓరియన్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మేది. నెట్‌వర్క్ ఆరోగ్యం చూడడమే దాని పని. 2020 మార్చి నుంచి దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ కలిసి వెళ్లింది. అప్‌డేట్లు వేళకు వేసుకునే క్రమశిక్షణ గల సంస్థలే ముందుగా చిక్కాయి. సుమారు 18,000 సంస్థలు ఆ అప్‌డేట్ దించుకున్నాయి, వాటిలో అమెరికా ప్రభుత్వ శాఖలూ ఉన్నాయి. డిసెంబరుదాకా ఏ డ్యాష్‌బోర్డూ రంగు మార్చలేదు. చివరికి బయటపెట్టింది, టార్గెట్‌కు నిఘా వ్యవస్థ అమ్మిన ఫైర్‌ఐ సంస్థే. తన ఉద్యోగి ఒకరి పేరుమీద లాగిన్‌కు రెండో ఫోను నమోదై కనిపిస్తే, అక్కడి భద్రతా సిబ్బంది ఆ మనిషినే పిలిచి, ఈ ఫోను మీదేనా అని అడిగారు. కాదన్నారు. కోట్ల డాలర్ల పరికరాలు తొమ్మిది నెలల్లో చేయలేని పనిని ఒక ప్రశ్న చేసిపెట్టింది. ఇలాంటి ప్రశ్నలను కొనుగోలు విభాగం టెండర్లలో అడిగిన దాఖలాలు లేవు.

మూడో దశలో కాపలాదారు ఇంటివాళ్లందరినీ బయటికి నెట్టి తలుపేసుకుంటాడు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన ఏజెంటుకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది గానీ ఆలోపే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెరతో నిలిచిపోయాయి. 21 విలువలు అడిగే చోట 20 మాత్రమే అందడం దీనికి కారణం. పడిపోయిన యంత్రాలను చాలాచోట్ల మనుషులే ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చెరిపేయవలసి వచ్చింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ రోజు ఆ కంప్యూటర్లలోకి ఏ హ్యాకరూ చొరబడలేదన్నది మాత్రం నిజం.

దొంగలను పట్టడంలో ఇంత ఓపిక చూపే సంస్థలు ఉద్యోగులను పట్టడంలో అంత చురుకు. టీమ్స్‌లో ఐదు నిమిషాలు మౌస్ కదపకపోతే పేరు పక్కన పచ్చచుక్క పసుపవుతుంది. టీకి వెళ్లిన మనిషి ఆచూకీ ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది, చొరబడిన మనిషిది తెలియడానికి నెలలు పడుతుంది. ఉద్యోగులూ దీనికి తగ్గ విద్య నేర్చుకున్నారు. మౌస్‌ను అటూ ఇటూ కదుపుతూ ఉండే చిన్న పరికరం అంగట్లో దొరుకుతుంది. కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు భ్రమ కల్పించారని అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు 2024 మేలో డజనుకు పైగా ఉద్యోగులను తొలగించింది. పని జరుగుతున్నట్టు కనిపించడాన్నే కొలిచే యంత్రానికి, కనిపించడాన్నే తయారుచేసి ఇచ్చారు వాళ్లు. భద్రతా విభాగాలు డైరెక్టర్లకు చూపే పచ్చగడుల తయారీ ఇంతకు భిన్నమేమీ కాదు, అయితే దానికి ఉద్యోగాలు పోవు.

చివరగా చెప్పుకోవలసింది నియమం. హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ సహకార బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు తరలించుకుపోయారు. అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు పంపిన ఎర మెయిళ్ల ద్వారా లోపలికి దారి చేసుకున్నారని పోలీసులు తేల్చారు. నియమాలు పాటించనందుకు మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. 2022 ఏప్రిల్‌లో, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ దేశంలోని సంస్థలన్నింటికీ ఆదేశాలిచ్చింది. వాటి ప్రకారం కంప్యూటర్లు రాసుకునే లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. చదవాలని ఎక్కడా లేదు. దాడి జరిగితే 6 గంటల్లో తెలియజేయాలి. ఆ 6 గంటలు లెక్కకు వచ్చేది సంస్థ దాడిని గమనించిన క్షణం నుంచి, లేదా ఎవరైనా దాని దృష్టికి తెచ్చినప్పటి నుంచి. గమనించని సంస్థకు గడువు మొదలే కాదు.