సాహుకార పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: సిగ్నల్ పోయినంత మాత్రాన ఆదోని పత్తి యార్డులో కాటా ఆగదు. సిగ్నల్ తిరిగి వచ్చేదాకా తూకాలను బ్రౌజరులోనే ఎక్కడో ఒకచోట దాచాలి. ఎక్కడని అడిగిన ఒక మండీ యజమానికి, కోడు రాసే గుమాస్తా చెప్పిన తేటగీతి ఇది.

చీటి కుక్కియె; పలకయౌ సెషను నిల్వ;
గద్దె చిట్టాయె లోకలు గాంచుమయ్య;
పెద్ద గోదామె యిండెక్సు బేళ్ళ కెల్ల;
సరుకు చూడక యెంచకు సాహుకార!

టీక: చీటి = గేటు గేటుకూ చూపే కాగితం; కుక్కియె = కుక్కీయే; పలకయౌ = రాసి తుడిచే పలక వంటిదగు; సెషను నిల్వ = సెషన్ స్టోరేజి; గద్దె చిట్టాయె = గద్దె మీది చిట్టా పుస్తకమే; లోకలు = లోకల్ స్టోరేజి; గాంచుమయ్య = యతి కోసం వచ్చింది, అర్థం వెతకవద్దు; యిండెక్సు = ఇండెక్స్‌డ్ డీబీ (గణాలకు ఇమడక 'డీబీ' జారిపోయింది); సాహుకార = ఓ సావుకారీ!

పాఠాంతరం: మూడో పాదంలో 'వెబ్ ఎస్‌క్యూఎల్' అని చదివే పాతకాపులు కొందరున్నారు. ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2010లోనే దాన్ని పక్కన పెట్టింది కనుక అది అపపాఠం.

తాత్పర్యం: కుక్కీ 1994లో నెట్‌స్కేప్‌లో పుట్టింది. ఒక్కోదానిలో 4 కేబీకి మించి పట్టదు, పైగా అడిగినా అడగకున్నా ప్రతిసారీ సర్వరు దాకా పోయి వస్తుంది. తెలుగువాడికి ఇంకో తిప్పలుంది. కుక్కీలో మన అక్షరాలను శాతం గుర్తులుగా మార్చి రాయడం వాడుక. అలా రాస్తే 'ఆదోని'కి 45 అక్షరాలు, 'ఎమ్మిగనూరు'కు 90. నాలుగు పల్లెల పేర్లు రాసి రైతుల చిరునామాలు మొదలుపెడితే చీటీ ఇట్టే నిండుతుంది. అయితే లాగిన్ గుర్తును దాచాలంటే దీన్ని మించింది లేదు. హెచ్‌టీటీపీ ఓన్లీ అన్న ముద్ర వేస్తే పేజీలోని స్క్రిప్టు దాన్ని చదవలేదు. గద్దె మీది చిట్టానో? కొట్టులోకి వచ్చిన ఏ స్క్రిప్టయినా తిరగేస్తుంది.

ఆ చిట్టాలో సుమారు 5 ఎంబీ పడుతుంది, ట్యాబు మూసినా ఉంటుంది. కానీ అందులో అంకెలుండవు, అన్నీ మాటలే. నిన్నటి 10 బోరాలను తీసి, మార్చకుండా నేటి 5 కలిపితే జావాస్క్రిప్టు 105 అంటుంది. ఈ లెక్క రైతుకు నచ్చుతుంది, సావుకారికి నచ్చదు. పైగా గుమాస్తా రాసేంతసేపూ పేజీ మొత్తం చేతులు కట్టుకుని నిలబడాలి.

పలక గురించి చెప్పేదేముంది? ట్యాబు మూస్తే తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక్కడ ఎమ్మిగనూరు వ్యాఖ్యాతలు ఒప్పుకోరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు వాళ్ళది. సగం నింపిన ఫారం మగ్గం మీది బట్ట వంటిదనీ, కోసి దించకముందు దానికి పలకే చాలనీ వాళ్ళ వాదం. వాదం బాగుంది. కానీ యార్డులో ఫోను చార్జింగు అయిపోతే మగ్గంతో సహా పోతుందని ఆదోని వారి జవాబు. నేను ఆదోని పక్షం.

తూకాలు, చీటీల ఫోటోలు వందల్లో ఉంటే గోదామే శరణ్యం. 2015లో ప్రమాణమైన ఈ డీబీ పని సాగుతుండగానే పక్కన సర్దుకుంటుంది. ఒక లావాదేవీలో రాతలన్నీ పడతాయి, లేదా ఒక్కటీ పడదు. దాని కోడు మాత్రం పాషాణపాకం.

విశేషం: గోదాముకూ తాళం మన చేతిలో లేదు. ఫోను నిండితే బ్రౌజరే ఖాళీ చేయవచ్చు. సఫారీ అయితే 2020 నుంచి, బ్రౌజరు వాడిన 7 రోజుల్లో సైటును ఒక్కసారీ ముట్టకపోతే స్క్రిప్టు దాచినదంతా ఊడ్చేస్తుంది. సిగ్నల్ రాగానే లెక్క సర్వరుకు పంపండి. ఇక ఛందస్సు కోసం కవి డీబీని వదిలాడు గానీ, కోడులో మీరు వదలకండి, పనిచేయదు.