మానసిక వార్డులో వినకూడని చిట్కాలు

"ముందు కట్టెయ్, తర్వాత మాట్లాడు." నర్సుగా వార్డులో చేరిన మొదటి వారం నాకు అందిన చిట్కా ఇది. చెప్పినావిడ చెడ్డమనిషి కాదు. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికీ ఇద్దరమే.

ఆ వారమే మా కొల్లేటికోట కుర్రాడొకణ్ణి తెచ్చారు. చేపల చెరువు మీద కాపలా పని. ఇంట్లోవాళ్లు వలతాడుతో చేతులు కట్టి, ముందు పెద్దింట్లమ్మ గుడికీ ఆ తర్వాత ఆస్పత్రికీ తిప్పారు. మణికట్లు ఒరుసుకుపోయి పుళ్లు పడ్డాయి. మేం ఆ తాడు విప్పి, గుడ్డపట్టీలతో మంచానికి కట్టాం. "ఇక్కడా ఇంతేనా సిస్టరమ్మా?" అన్నాడు.

"మనుషుల్లేరు, కట్టక చస్తామా" అంటారు. ఆ సాకు ఇప్పుడు చెల్లదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. సిబ్బంది చాలకపోవడం కట్టడానికి కారణం కాదని 97వ సెక్షన్ చెబుతోంది. శిక్షగానో, బెదిరించడానికో కట్టకూడదు. రోగికో పక్కవాళ్లకో ప్రమాదం అప్పటికప్పుడు ముంచుకొచ్చి, ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టాలి. కారణం రికార్డులో రాయాలి. గొలుసులైతే ఏ రూపంలోనూ కూడదు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. 28 మంది.

"విటమిన్ సూది అని చెప్పి పొడిచెయ్." ఈ చిట్కా అన్నిటికన్నా చేటు. ఒకసారి అబద్ధమని తెలిశాక, మన చేతి మాత్ర ఇంకెప్పుడైనా మింగుతాడా?

"కట్టడమూ వైద్యమే." నార్వేలో హుసుమ్ బృందం 2008లో సిబ్బంది మనసును కొలిచే ప్రశ్నావళి ఒకటి తయారుచేసింది. బలవంతాన్ని గాయంగా చూస్తున్నారా, రక్షణగానా, చికిత్సగానా అని అది కొలుస్తుంది. నేను చాలా ఏళ్లు రక్షణ అనే నమ్మాను. ఆ పుళ్లకు రోజూ మందు రాస్తూ కూడా నమ్మాను.

మూడో రాత్రి ఆ కుర్రాడు మళ్లీ పెనుగులాడుతుంటే, ఏం కావాలని మా ఆయా అడిగింది. మేమెవరమూ అడగలేదు. "చెరువులో చేపలకు తవుడు సంచులు కట్టారో లేదో" అన్నాడు. వాళ్లన్నకు ఫోను చేసి చెవి దగ్గర పెట్టాం. పొద్దున్నే కట్టామని అన్న చెప్పాడు. పట్టీలు విప్పాం. గోడవైపు తిరిగి పడుకున్నాడు.