ట్యూబులో సున్నపురాయి

మోడలింగ్ పేస్టు అంటే మెత్తగా నూరిన సున్నపురాయి పొడినో చలువరాతి పొడినో అక్రిలిక్ జిగురులో కలిపిన తెల్లటి ముద్ద. రంగు వేయకముందే దాన్ని చెక్క మీద పరిచి, గీరి, అచ్చులు ఒత్తి ఆరనిస్తే చిత్రానికి ఎత్తుపల్లాలు వస్తాయి. వాటి మీద రంగు, కాగితం, గుడ్డ, ఇసుక, తీగ ఏవి చేరినా ఆ పని మొత్తానికి మిక్స్‌డ్ మీడియా అని పేరు. 1912 ప్రాంతంలో చిత్రకారుడు జార్జ్ బ్రాక్ రంగులో ఇసుక కలిపాడు, పికాసో నూనెగుడ్డ ముక్కను చిత్రానికి అతికించాడు. 1940లలో ఫ్రెంచి చిత్రకారుడు ద్యుబుఫే రంగును ముద్దలు ముద్దలుగా మెత్తాడు. ఆ తర్వాతి దశకంలో స్పెయిన్ చిత్రకారుడు తాపియెస్ చలువరాతి పొడితో పాత గోడల్లాంటి చిత్రాలు చేశాడు. ఆనాటికి అది తిరుగుబాటు. ఇప్పుడది హాల్లో సోఫా వెనక గోడకు పెట్టే అలంకారం.

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఈ ముద్ద చుట్టూ చేరే మనుషులు మూడు రకాలు. మొదటివాడు కళామాస్టారు: నగరంలో రెండు రోజుల వర్క్‌షాపు చేసి వచ్చినవాడు, 'టెక్స్చర్' అనే మాట లేకుండా వాక్యం ముగించలేనివాడు. రెండోవాడు సున్నం మేస్త్రి: గోడ మీద చెయ్యి ఆనిస్తే చాలు, లోపల తడి ఉందో లేదో చెప్పేవాడు. మూడోవాడు కాంట్రాక్టరు: దేన్నయినా చదరపు అడుగుల్లో కొలిచేవాడు. ముగ్గురూ కలవాలంటే గృహప్రవేశం దగ్గరపడిన కొత్త ఇల్లు ఒకటి చాలు.

మాట ఎప్పుడూ సరుకు దగ్గరే మొదలవుతుంది.

కళామాస్టారు: ముట్టుకోవద్దు మేస్త్రీ. ఇంపోర్టెడ్.

మేస్త్రి: ముట్టుకోలేదు సార్, చూస్తాండా. ఏముండాది దీంట్లో?

కళామాస్టారు: కాల్షియం కార్బొనేట్.

మేస్త్రి: అంటే?

కాంట్రాక్టరు: సున్నపురాయప్పా. మన ఎర్రగుంట్ల కాడ సిమెంటు ఫ్యాక్టరీలకు తవ్వేదే.

మేస్త్రి: లారీల్లో తోలేదాన్ని ట్యూబులో అమ్ముతాండారా! మొదులు తెలిసింటే ఇల్లు కట్టే బదులు ట్యూబులు కట్టేవాణ్ణి గదన్నా.

మేస్త్రి ఎగతాళి చేసినా విషయం నిజమే. ఈ రెండు జిల్లాల్లో చాలా భాగం కింద ఉన్నది కడప బేసిన్ అని భూగర్భశాస్త్రజ్ఞులు పిలిచే పాత రాతిపొరల ప్రాంతం. అందులోని నార్జి సున్నపురాయికి కడప జిల్లా ఊరి పేరే పెట్టారు. బేతంచెర్ల నాపరాళ్ళు, ఇళ్ళలో పరిచే నల్ల కడప బండలు, నీళ్ళు రాయిని కరిగించి తొలిచిన బెలుం గుహలు, అన్నీ సున్నపురాయి కుటుంబమే. రంగుల పరిశ్రమలో పూరక పొడిగా వాడే ముగ్గురాయి కూడా ఇక్కడిదే. మంగంపేట గనులు ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి. ట్యూబు మీద ఏ దేశం పేరు ఉన్నా లోపలి పొడికి సీమలో చుట్టాలు ఉంటారు.

అయితే ధర పొడికి కాదు, జిగురుకు. ఇక్కడ మేస్త్రి తగ్గాలి, మాస్టారు వివరించాలి. మాస్టారికి వివరించడం రాదు కాబట్టి 'పాలిమర్' అని ఊరుకుంటాడు. సంగతి ఇది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి పోయి సున్నం మిగులుతుంది. దాన్ని నీళ్ళలో విరగబెట్టి, ఇసుక కలిపి గోడకు మెత్తితే గాలిలోని అదే బొగ్గుపులుసును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. మేస్త్రులు అందులో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేది ఈ పని బాగా సాగాలనే. మోడలింగ్ పేస్టులో రాయి రాయిగానే ఉంటుంది, ఏమీ మారదు. చుట్టూ ఉన్న నీరు ఆవిరైపోతే అక్రిలిక్ రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని సాగే గుణమున్న పొరగా మారి ఆ పొడిని పట్టుకుంటాయి. నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులు చిత్రకారుల అంగడిలోకి వచ్చింది 1950లలో. సున్నపు గచ్చు గోడ మీద శతాబ్దాలు నిలుస్తుంది, పదహారో శతాబ్దపు లేపాక్షి కుడ్యచిత్రాల కింద ఉన్నది సున్నపు పూతే. కానీ దాన్ని గుడ్డ మీద మెత్తి చుట్టచుడితే పెళ్ళలుగా రాలిపోతుంది. పేస్టు అంత త్వరగా రాలదు.

అంత త్వరగా రాలదు అన్నంత మాత్రాన ఎక్కడ పడితే అక్కడ నిలవదు. రెండో తగాదా పీఠం గురించి.

కళామాస్టారు: కాన్వాస్ మీదే చేస్తాను. కాన్వాస్ అంటేనే ఆర్ట్.

మేస్త్రి: వేలితో నొక్కితే లోపలికి పోతాండాది సార్. దీని మీద గచ్చు నిలుస్తాదా?

కళామాస్టారు: గచ్చు కాదు, పేస్టు.

మేస్త్రి: పేరేదైనా కానీ, కింద కదిలితే పైన పగుల్తాది గదా.

పాఠ్యపుస్తకాలూ మేస్త్రి మాటే చెబుతాయి. పల్చని పూతకు కాన్వాస్ చాలు. దిట్టంగా మెత్తాలంటే ప్లైవుడ్డో, ఎండీఎఫ్ పలకో, చెక్కకు అతికించిన గుడ్డో కావాలి. తంజావూరు చిత్రాలు చేసేవాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. పలక మీద గుడ్డ అతికించి, సుద్దపొడిని చింతగింజల జిగురుతోనో బంకతోనో కలిపిన మక్కుతో నగలు, మండపాలు ఉబ్బెత్తుగా దిద్ది, దాని మీద బంగారు రేకు ఒత్తుతారు. ఆ పని చేసే రాజు కులస్థుల కుటుంబాల పూర్వీకులు విజయనగరం పతనమయ్యాక రాయలసీమ నుంచి దక్షిణానికి వెళ్ళినవాళ్ళని చెబుతారు. కొండపల్లి బొమ్మల అతుకులకు వాడేదీ చింతగింజలు, రంపపు పొట్టు కలిపిన మక్కే. మాస్టారికి ఇవన్నీ 'ఫోక్'. పేస్టు మాత్రం 'కాంటెంపరరీ'.

చివరికి మాస్టారు పలకకే ఒప్పుకున్నాడు. పలకకు రెండు వైపులా గెస్సో అనే తెల్లటి అడుగుపూత పూయాలి. ఒక వైపే పూస్తే పలక వంగుతుంది. ఈ చిన్న సంగతి మాస్టారికి వర్క్‌షాపు మూడో రోజున చెప్పి ఉండేవారేమో, అది రెండు రోజులే జరిగింది.

ఇక పనిముట్లు. మాస్టారి దగ్గర పదహారు కత్తుల పెట్టె ఉంది, వాటిలో వాడేవి రెండు. మేస్త్రి చేతిలో తాపీ ఒక్కటే. పేస్టును పల్చగా పరిచి, తడి ఆరకముందే దువ్వెనతో గీస్తే చాళ్ళు వస్తాయి. దోమల జాలీ పరిచి దాని మీద మెత్తి జాలీ లేపేస్తే గళ్ళు, గోనెపట్ట ఒత్తి తీస్తే నేత వస్తుంది. పాత ఏటీఎం కార్డు అంచు చాలా కత్తులకంటే నయం. స్టెన్సిల్ వాడితే పేస్టు దిగిన వెంటనే ఎత్తేయాలి, ఆరేదాకా ఉంచితే అంచులు చిరుగుతాయి. పనిముట్లను తడిగా ఉన్నప్పుడే కడగాలి. ఎండిన అక్రిలిక్ నీళ్ళకు లొంగదు.

ఇసుక కలపాలంటే కలపవచ్చు. హంద్రీదైనా పెన్నదైనా బాగా కడిగి, ఎండబెట్టి, జల్లించాలి. వేరుశనగ పొట్టు, జొన్న చొప్ప లాంటివి అతికించేటప్పుడు పూర్తిగా ఎండినవై ఉండాలి, పైనా కిందా అక్రిలిక్ జెల్ పట్టించాలి. లేకపోతే చిత్రంలోకి పురుగు చేరుతుంది. ఆదోని వైపు పొలాల్లో పనికిరాదని పారేసే పొట్టును మాస్టారు కవర్లో భద్రంగా తెచ్చి 'ఆర్గానిక్ ఎలిమెంట్' అంటాడు. కాంట్రాక్టరు ఆ మాటను గుర్తుపెట్టుకుంటాడు, తర్వాత బిల్లులో చూడాలని.

అసలు రసాభాస ఆరబెట్టేటప్పుడు వస్తుంది. కర్నూలు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. గాలిలో తడి ఉండదు. దిట్టంగా మెత్తిన పేస్టు పైన గంటలో తోలు కడుతుంది, లోపల రెండు రోజులైనా పచ్చిగానే ఉంటుంది. లోపలి నీరు పోయేకొద్దీ ముద్ద కుంచించుకుపోతుంది, అప్పటికే గట్టిపడ్డ పైపొర ఆ లాగుడుకు చీలుతుంది. అందుకే ఒక్కో పొర మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. ఒకటి ఆరాక ఇంకొకటి వేయాలి. ఫ్యాను కింద పెట్టకూడదు, ఎండలో అసలే పెట్టకూడదు. నీడలో ఉంచి పైన ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పితే నెమ్మదిగా, సమంగా ఆరుతుంది. మాస్టారు పలకను మిద్దె మీద ఎండలో పెట్టాడు. సాయంత్రానికి చిత్రం నిండా పగుళ్ళు.

కాంట్రాక్టరు: ఏంది మాస్టారూ ఇది?

కళామాస్టారు: కాన్సెప్ట్ సార్. కరువు. సీమ నేల నోరు తెరిచినట్టు చూపించాను.

మేస్త్రి: పొద్దున పూలు అన్నారు గదా సార్.

కళామాస్టారు: ఆర్ట్ ఎవాల్వ్ అవుతుంది మేస్త్రీ. దీనికి ప్రత్యేకంగా క్రాకిల్ పేస్టు అని ట్యూబు కూడా దొరుకుతుంది.

మేస్త్రి: పగుళ్ళను కొంటారా? కోయిలకుంట్ల కాడ మా రేగడి చేన్లో ఉత్తపుణ్యానికే ఉండాయి. చెయ్యి పట్టేంతవి. ఎవరన్నా కొనేవాళ్ళుంటే చెప్పండి సార్, పదెకరాలూ ఇచ్చేస్తా.

కాంట్రాక్టరు: గమ్మునుండప్పా. మాస్టారూ, కరువంటే రేటు పెరుగుతాదా తగ్గుతాదా?

కళామాస్టారు: ఢిల్లీలో అయితే పెరుగుతుంది సార్.

క్రాకిల్ పేస్టు ఉన్న మాట నిజమే. అందులో పొడి ఎక్కువ, జిగురు తక్కువ, కావాలనే చీలేట్టు చేసిన సరుకు. దాని పగుళ్ళు కింద గట్టిగా అతుక్కునే ఉంటాయి, పైన పల్చటి మెరుగు పూస్తే నిలుస్తాయి. ఎండకు మామూలు పేస్టు చీలితే పెచ్చు కింది నుంచి లేస్తుంది. రెండూ ఫోటోలో ఒకేలా ఉంటాయి. వేలి గోటితో మెల్లగా మీటి చూస్తే డొల్ల చప్పుడు వచ్చేది పాడైనది. దాన్ని గీకి తీసి మళ్ళీ మెత్తాలి. చిన్న చీలికైతే కొత్త పేస్టును లోపలికి నొక్కి సరిచేయవచ్చు. రేగడి మట్టి పగిలేదీ ఇలాంటి కారణానికే, తడికి ఉబ్బి ఎండకు ముడుచుకునే బంకమన్ను అది. ఆ మన్నే 'ఒరిజినల్ టెక్స్చర్' కోసం పేస్టులో కలిపితే పగుళ్ళ గురించి వేరే శ్రమ పడనక్కరలేదు. ఎర్రమట్టి నయం: మెత్తగా జల్లించి కొద్దిగా కలిపితే అందులోని ఇనుము రంగు నిలిచిపోతుంది.

ఇంపోర్టెడ్ ట్యూబు అయిపోయింది. పలకలో సగం మిగిలింది. అప్పుడు ప్రత్యామ్నాయాల చర్చ.

కాంట్రాక్టరు: వాల్‌పుట్టీ బస్తా మిగిలి ఉండాది. వేసేయండి.

మేస్త్రి: అది తెల్ల సిమెంటన్నా. గోడకు సరే, చెక్క మీద ఊడొస్తాది. క్షారం గూడా ఎక్కువ, కొన్ని రంగులు వెలిసిపోతాయి.

కళామాస్టారు (మెల్లగా): విద్యార్థులతో నేను సుద్దపొడీ, తెల్ల జిగురూ కలిపించేవాణ్ణి.

మేస్త్రి: అది మక్కు గదా సార్!

కళామాస్టారు: విద్యార్థులకు మక్కు. నాకు పేస్టు.

చెక్క పనికి వాడే తెల్ల జిగురులో సుద్దపొడి, కొద్దిగా తెల్ల అక్రిలిక్ రంగు కలిపి దోసెపిండి చిక్కదనానికి తెస్తే అభ్యాసానికి పనికొచ్చే ముద్ద తయారవుతుంది. అమ్మే చిత్రానికి మాత్రం అక్రిలిక్ జిగురే మేలు. తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపితే తొందరగా బిగుస్తుంది, అంతే తొందరగా పెళుసవుతుంది. ఈ వివరాలు మాస్టారు విద్యార్థులకు చెప్పడు, మేస్త్రిని ఎవరూ అడగరు.

రంగు వేయడం సులువు. ఆరిన పేస్టు రంగును పీల్చుకుంటుంది కాబట్టి ముందు పల్చటి అక్రిలిక్ మీడియం ఒక పూత వేయాలి, లేకపోతే రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది. నీళ్ళలా పల్చన చేసిన ముదురు రంగు పూసి గుడ్డతో తుడిస్తే పల్లాల్లో నిలుస్తుంది, మిట్టలు తేలతాయి. ఆరిన తర్వాత కుంచెను దాదాపు పొడిగా చేసి లేత రంగుతో పైపైన తాకిస్తే అంచులు వెలుగుతాయి. అక్రిలిక్ మీద నూనె రంగు వేయవచ్చు, నూనె మీద అక్రిలిక్ వేయకూడదు. మాస్టారు ఈ ఒక్క దశలో మాత్రం నిజంగా మంచి పనివాడు. ఎర్రమట్టి రంగు మీద లేత పసుపు తాకించేటప్పుడు చెయ్యి వణకదు, మాట కూడా పెగలదు, అందుకే చిత్రం బాగుంటుంది. మేస్త్రి కూడా ఆ కాసేపు నోరు మూసుకుని చూస్తాడు.

చివరి పని వార్నిష్. పేస్టు పూర్తిగా ఆరిందని తేలేదాకా, అంటే దిట్టమైన చోట కొన్ని రోజులు, ఆగి మెరుపులేని వార్నిష్ పూయాలి. మెరుపు వార్నిష్ పూస్తే గోడ మీది దీపం ప్రతి మిట్టలోనూ కనిపించి టెక్స్చర్ ఏదో, లైటు ఏదో తెలియదు. తర్వాత చిత్రం పక్కన అట్ట మీద సరుకుల జాబితా రాస్తారు: చెక్క, గెస్సో, మోడలింగ్ పేస్టు, అక్రిలిక్, నది ఇసుక, వేరుశనగ పొట్టు.

మేస్త్రి: పలక రెండు వైపులా పూసింది నేను సార్. కవరు కప్పిందీ, పెచ్చులు గీకిందీ నేనే. ఆ అట్టలో రొంత చోటుండాదా?

కళామాస్టారు: అది మెటీరియల్స్ లిస్టు మేస్త్రీ. నువ్వు మెటీరియల్ కాదు కదా.

కాంట్రాక్టరు: సరే సరే. మన ఊరి దుమ్ము సంగతి తెలుసు గదా మాస్టారూ. ఇన్ని గుంతలు పెడితివి, తుడిచేదెట్ల?

కళామాస్టారు: మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి. తడిగుడ్డ పెట్టొద్దు. నెలకోసారి చాలు.

కాంట్రాక్టరు: ఎవరు తుడవాల?

ఇద్దరూ మేస్త్రి వైపు తిరిగారు.

మేస్త్రి: కూలి ముందే తేల్చండన్నా. చదరపు అడుగు లెక్కనా, పగులు లెక్కనా?