నేను దాచిన ఒక్క వాక్యం

అద్దె కాగితంలో ఆ వాక్యం స్పష్టంగా ఉంది. కారవాన్‌ను తారు రోడ్డు దిగనివ్వకూడదు, దిగితే బీమా వర్తించదు. చదివాను, సంతకం పెట్టాను, మడిచి కారు అరలో పడేశాను. మాతో వస్తున్న స్నేహితుడి కుటుంబానికి మాత్రం చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుందని నాకు తెలుసు.

2019లో క్వీన్స్‌లాండ్‌లో కురిసిన వానల నీరు జార్జినా, డయమంటీనా నదుల దారిన ఎడారిని దాటి కటి తండా–లేక్ ఐర్ సరస్సుకు చేరింది. అక్కడ ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఎక్కువ కాలం అది ఉప్పు పేరుకున్న మైదానమే. ఆస్ట్రేలియా నేల మీద అంతకంటే పల్లమైన చోటు లేదు, సముద్రమట్టానికి దాదాపు 15 మీటర్లు కింద ఉంటుంది. నీళ్లొస్తే పెలికాన్లు, అంటే మన గూడబాతులు, వేల సంఖ్యలో దిగుతాయి. మాది కైకలూరు దగ్గర పల్లె. ఆటపాకలో గూడబాతులను చూస్తూ పెరిగిన నాకు, అడిలైడ్‌లో ఈ వార్త చూశాక నిద్ర పట్టలేదు. కొల్లేరు గట్టున కూర్చున్నట్టే ఆ సరస్సు ఒడ్డున కారవాన్ ఆపి, పిల్లలకు ఆ పక్షుల్ని చూపించాలి. అప్పటికి నా మనసులో ఇంకేం లేదు.

మార్రీ ఊరు దాటాక ఊడ్నదత్తా ట్రాక్ అంతా మట్టి దారి. ఒకప్పుడు అఫ్గాన్ ఒంటెలవాళ్లు సరుకులు మోసిన ప్రాంతం అది. 1980లో మూతపడిన పాత ఘాన్ రైలు మార్గం ఆ దారి పక్కనే సాగుతుంది. ఇవన్నీ పిల్లలకు చెప్పాలని చదివి పెట్టుకున్నాను. కానీ రోడ్డు రేకుల షెడ్డు పైకప్పులా మడతలు మడతలుగా ఉంది. ఆ కుదుపులకు మాట్లాడటమే కుదరలేదు. విలియం క్రీక్ ఊరు చేరేసరికి కారవాన్‌లో ఆవకాయ సీసా పగిలి పరుపు నిండా నూనె, దాని మీద ఎర్ర దుమ్ము.

"కారవాన్ ఇక్కడే వదిలేద్దాం అన్నా. పొద్దున్నే కారులోనే సరస్సు ఒడ్డున హాలిగన్ బేకి వెళ్లి సాయంత్రానికి తిరిగొద్దాం" అన్నాడు స్నేహితుడు. నేను వద్దన్నాను. ఇంత దూరం లాక్కొచ్చి ఒడ్డుకు తీసుకెళ్లకపోతే ఎలా అని వాదించాను. టైర్లలో గాలి తగ్గిద్దామంటే, ముందు కొంత దూరం పోదామన్నాను. ఆ రెండు మాటల్లో ఏ ఒక్కటి విన్నా సరిపోయేది.

హాలిగన్ బే అక్కడికి 64 కిలోమీటర్లు. సగం దూరం కూడా పోకముందే కారవాన్ కింద స్ప్రింగు విరిగింది. అది పక్కకు లాగేసరికి కారు ఇసుకలో దిగబడింది. దిగి చూస్తే, ఏ రాయి తగిలిందో, నీళ్ల ట్యాంకు చిల్లుపడి ఖాళీ అయిపోతోంది. మిగిలింది డబ్బాల్లోని తాగునీరే. ఫోన్‌కు సిగ్నల్ లేదు. స్నేహితుడి చిన్న కూతురు దాహమంటుంటే వాళ్లమ్మ మూతతో కొలిచి నీళ్లు పోసింది. నేను తల తిప్పుకున్నాను.

చీకటి పడుతుంటే, నడిచి వెళ్లి సాయం తెస్తానని లేచాను. అది ధైర్యం కాదు, ఆ పిల్ల ముందు కూర్చోలేకపోవడం. స్నేహితుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. 1998 డిసెంబరులో ఇదే దారిలో బండి ఇసుకలో కూరుకుపోతే, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక యువతి విలియం క్రీక్ వైపు నడిచి, ఎండకు తాళలేక దారిలోనే చనిపోయిందని గుర్తుచేశాడు. "బండి వదలొద్దు అన్నా. బండి కనిపిస్తేనే మనం దొరుకుతాం." మాది చలికాలమే, అయినా చీకట్లో దారి తప్పితే అంతే. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మర్నాడు ఆ దారిన వచ్చినవాళ్లు టైర్లలో గాలి తీయించి, తాడు కట్టి కారును బయటికి లాగారు. కారవాన్‌ను తరలించడానికి, బాగుచేయడానికి అయిన ఖర్చు బీమా ఇవ్వలేదు. స్నేహితుడు సగం తనదన్నాడు. నేను ఆ డబ్బు తీసుకున్నాను. అన్నిటికంటే నన్ను కాల్చేది ఇదే. ఇసుకలో కూరుకుపోవడం మూర్ఖత్వం, కానీ ఈ డబ్బు తీసుకోవడాన్ని ఆ పేరుతో పిలవలేను. కొన్ని నెలల తర్వాత కాగితం అతని ముందు పెట్టి, డబ్బు తిరిగిచ్చాను. "ముందే చెప్పి ఉంటే పిల్లల్ని ఎక్కించేవాణ్ణి కాదు కదా" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. మా రాకపోకలు ఆగలేదు. అయితే అప్పటినుంచి నేను చెప్పే ఏ సంగతినైనా అతను ఇంకోసారి అడిగి ఖాయం చేసుకుంటాడు. అది న్యాయమే.

సరస్సును చివరికి విలియం క్రీక్ నుంచి చిన్న విమానంలో చూశాం. పూర్తిగా నిండితే సుమారు 9,500 చదరపు కిలోమీటర్లు. ఆ విస్తీర్ణం పైనుంచి చూస్తేనే కంటికి అందుతుంది. ఒడ్డున కుర్చీ వేసుకుని చూసే చెరువు కాదది. అరబానా ప్రజలకు పవిత్రమైన చోటు. ఇప్పుడు సరస్సు అడుగున నడవడాన్ని కూడా పార్కు నిబంధనలు ఒప్పుకోవు. ఆ విమానం ఎక్కడానికి కారవాన్ విలియం క్రీక్ దాటనక్కర్లేదు. అసలు ఆ మట్టి రోడ్డే ఎక్కనక్కర్లేదు, విమానాలు మార్రీ నుంచీ ఉన్నాయి.

వెళ్లాలనుకునేవాళ్లు బయలుదేరే ముందు రోడ్లు తెరిచారో లేదో చూసుకోండి, శాటిలైట్ ఫోన్ పెట్టుకోండి, ఇసుక దారిలో టైర్ల గాలి తగ్గించండి. అద్దె కాగితాన్ని మీతో వచ్చే అందరికీ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించండి.