ఆరడుగుల మొహం, అరడుగు నినాదం

జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించింది. ఆ రోజు మా వీధి బడిలో పాఠాలుండవు, ర్యాలీ ఉంటుంది.

తొమ్మిదింటి ర్యాలీకి పిల్లల్ని ఎనిమిదింటికే వరసలో నిలబెట్టారు. ముఖ్య అతిథి పదకొండుకు వేంచేశారు. ఫ్లెక్సీ మీద ఆయన మొహం ఆరడుగులు, 'డ్రగ్స్ వద్దు' అన్న మాట అరడుగు. ఎండకు ఇద్దరు పిల్లలు తూలిపడితే, "మత్తు ఇలాగే ఉంటుంది మరి" అని ఓ వక్త సందర్భం కలిపేశారు.

అతిథిగారు గంజాయి నుంచి ఎండీఎంఏ దాకా పేర్లన్నీ అప్పజెప్పారు. ఏది చాక్లెట్‌లా ఉంటుందో, ఏది స్టాంపులా నాలుక మీద పెట్టుకుంటారో విడమరిచారు. మా మనవడు అయిదో తరగతి. అప్పటిదాకా వాడెరిగిన చెడ్డ పదార్థం కాకరకాయ ఒక్కటే.

సభ ముగిశాక పెద్దలంతా బడి గోడ పక్క కిళ్ళీ బడ్డీ దగ్గర సేదదీరారు. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం. బడ్డీవాడి గజం కాస్త పొట్టిది కాబోలు.

డ్రగ్స్ మీద పిల్లలకు ఉపన్యాసాలిచ్చే విద్యలో అమెరికావాళ్లు మనకన్నా ముందున్నారు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో 'డేర్' పేరుతో పోలీసుల చేతే బడుల్లో పాఠాలు చెప్పించారు, టీషర్టులు పంచారు. 1987లో పెనం మీద గుడ్డు కొట్టి, డ్రగ్స్ వాడితే మెదడూ ఇంతేనని టీవీలో చూపించారు. తీరా పరిశోధకులు లెక్క తీస్తే, డేర్ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాంతో ఉపన్యాసం తగ్గించి, ఎవరైనా బలవంతపెడితే ఎలా తప్పుకోవాలో పిల్లల చేత సాధన చేయించే పాఠాలు తెచ్చుకున్నారు.

మనకా బెడద లేదు. మనం లెక్కలు తీయం, ఫొటోలు తీస్తాం. సినిమా టికెట్ ధర పెంచుకోవాలంటే తారలు డ్రగ్స్ మీద ఓ వీడియో చేయాలని 2024లో తెలంగాణ ముఖ్యమంత్రి షరతు పెట్టారు. ఒక నిమిషం నీతి చెప్పాక, మూడు గంటలు హీరోగారు హాయిగా సిగరెట్ వెలిగించుకోవచ్చు. నీతికీ రేటు పలికిన రోజులివి.

సాయంత్రం మనవడు అడిగాడు. "తాతా, పెద్ద క్లాసు అన్న ఎవరైనా ఇస్తే, వాడికి కోపం రాకుండా వద్దని ఎలా చెప్పాలి?"

"పొద్దున సభలో అడగలేకపోయావురా?"

"చెయ్యెత్తాను తాతా. నినాదం ఇస్తున్నాననుకుని ఫొటో తీసుకున్నారు."